టవల్ హంసలు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో గంట చిల్లర. తాడ్వాయి, లింగంపేట దాటితే వచ్చేసినట్టే. నాది కామారెడ్డి, తనది ఎల్లారెడ్డి. పొద్దున పెళ్ళిచూపులకు పోయి, మధ్యాహ్నం అన్నం టైముకు ఇంట్లో ఉన్నాం. అంత దగ్గరి సంబంధం కాబట్టేమో, హనీమూన్ మాత్రం దూరం పోవాల్సిందేనని నేను పట్టుబట్టాను. మా టీంలో పెళ్ళయిన ప్రతివాడూ మాల్దీవులో బాలినో స్టేటస్ పెట్టినవాడే. నా బడ్జెట్ అంత దూరం ఈదలేక అండమాన్‌లో ఒడ్డెక్కింది.

అయినా అండమాన్‌తో ఓ సుఖముంది. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, రూపాయి మారదు, హైదరాబాద్‌లో డైరెక్ట్ ఫ్లైట్ ఎక్కితే రెండున్నర గంటల్లో దిగుతాం. ఐదు రాత్రులు, ఆరు పగళ్ళ ప్యాకేజీ తీసుకున్నాను. దాని పేరు హనీమూన్ స్పెషల్. స్పెషల్ అంటే ఏంటయ్యా అంటే పూలతో మంచం అలంకరణ, ఒక కేకు, ఒక క్యాండిల్ లైట్ డిన్నర్. "పైసలెంతయినయ్?" అని తను ఒకసారి అడిగింది. అసలు ఖర్చులో సగం చెప్పాను. మిగతా సగం ఆరు నెలల ఈఎంఐ.

ఫ్లైట్ ఎక్కేసరికి మా పెళ్ళయి పదకొండో రోజు. ఆ పదకొండు రోజుల్లో మేమిద్దరమే కూర్చుని మాట్లాడుకున్న టైమ్ లెక్కేస్తే ఆరు గంటలు కూడా ఉండదు. వ్రతం, దావత్, చుట్టాలు, మళ్ళీ దావత్. నిశ్చితార్థం తర్వాత ఫోన్లు ఉన్నాయి కానీ, "తిన్నవా?" "తిన్న" దాటితే నెట్‌వర్క్ ఉన్నా మాటలు దొరికేవి కావు. ఇంకో చిక్కేంటంటే తను నన్ను ఏమని పిలవాలో ఇంకా తేల్చుకోలేదు. పేరు పెట్టి పిలవదు. మీరు అనదు, నువ్వూ అనదు. "ఇగో" అని మొదలుపెట్టి, రెండూ తప్పించుకునే వాక్యం ఒకటి కడుతుంది. "ఇగో, ఛాయ్ తాగుడైందా?" "పండుకునుడు ఎప్పుడు?" పదకొండు రోజులూ ఒక్కసారి కూడా దొరకలేదు. బీఎస్సీ, బీఈడీ చేసింది, డీఎస్సీకి చదువుతోంది. భాష మీద పట్టు లేదని చెప్పలేం.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. 2024 సెప్టెంబర్‌లో దీని పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ అక్కడ అందరి నోటా ఇంకా పాత పేరే. ప్యాకేజీవాళ్ళు పంపిన కారు డ్రైవర్ మమ్మల్ని చూడగానే తెలుగులో అందుకున్నాడు. శ్రీకాకుళం ఆయన. వాళ్ళ తాత కాలంలోనే వచ్చేశారట. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు, ఎక్కువ ఉత్తరాంధ్ర వైపు వాళ్ళే. వైజాగ్ నుంచి ఇక్కడికి ఓడ కూడా ఉంది.

"మీదే ఊరు బాబూ?"

కామారెడ్డి, ఎల్లారెడ్డి అంటే ఆయనకు తెలియలేదు. 2016లో జిల్లా అయ్యింది, అంతకుముందు నిజామాబాద్ జిల్లాలో ఉండేవి అని చెప్పాను.

"ఓహో, నిజామాబాదా! మస్కట్, దుబాయ్ ఎల్తారు కదేటి ఆ ఊళ్ళోళ్ళు. మేం ఇటేపు వచ్చినాం, మీరు అటేపు ఎల్లినారు, అంతే."

నేను నవ్వాను. మా వాళ్ళు గల్ఫ్‌కు ముందు బొంబాయి, భివండి కూడా పోయేవాళ్ళని, ఏం చేసినా పడమటికే పోతామని ఏదో జ్ఞానం ఒలకబోశాను. తను కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. అప్పుడు నాకేం అర్థం కాలేదు.

ఆ సాయంత్రం సెల్యులార్ జైలు చూశాం. హనీమూన్ ప్యాకేజీలో మొదటి ఐటెమ్‌గా జైలు పెట్టినవాడికి దండం పెట్టాలి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. సైకిల్ చక్రం పుల్లల్లా ఏడు వింగులు, ఇప్పుడు మిగిలింది మూడు. ఒక్కో గది ఒక్కో మనిషికి, ఒకడి ముఖం ఇంకొకడికి కనపడకుండా. మనకు సావర్కర్ గది చూపిస్తారు కానీ మన హైదరాబాద్ మనిషి ఒకాయన కథ ఈ గోడలకంటే పాతది. 1857 జులై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో పాటు ముందు నిలిచిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు. ఇక్కడే పోయాడు. ఈ జైలు కట్టకముందే. ఇది నేను చెబుతుంటే తను ఒక గదిలోకి వెళ్ళి, పైన చేతికి అందనంత ఎత్తులో ఉన్న చిన్న కిటికీని చూస్తూ అంది: "సముద్రం పక్కనే ఉన్నది. చప్పుడు మాత్రమే ఇనస్తది."

మర్నాడు హావ్‌లాక్‌కు ఫెర్రీ. దీనికీ కొత్త పేరుంది, స్వరాజ్ ద్వీప్, 2018 నుంచి. ప్రైవేట్ ఫెర్రీ అయితే రెండు గంటల లోపే. అందులో ఒక గంటన్నర నేను కవర్‌లో తలపెట్టుకుని ఉన్నాను. మా అత్తమ్మ కూతురి బ్యాగులో నాలుగు నిమ్మకాయలు వేసి పంపిందని అప్పుడే తెలిసింది. తను ఒకటి కొరికి చీల్చి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఎల్లారెడ్డి బస్సుల పడ్డది పడవల పడదా?" అని నవ్వింది. పెళ్ళయ్యాక నా ముందు గట్టిగా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసమైతే ఇంకో గంట వాంతులు చేసుకోవచ్చనిపించింది.

అసలు కథ రిసార్ట్‌లో మొదలైంది.

కొబ్బరి చెట్ల మధ్య చెక్క కాటేజీ. తలుపు తీయగానే ప్యాకేజీవాడు చెప్పినట్టే మంచం నిండా ఎర్ర గులాబీ రేకులు, మధ్యలో తెల్ల టవళ్ళతో చేసిన రెండు హంసలు. ముక్కూ ముక్కూ ఆనించుకుని, మధ్యలో హార్ట్ ఆకారం వచ్చేలా. ఇన్‌స్టాగ్రామ్‌లో వెయ్యిసార్లు చూసి ఉంటారు. నేను ఫోన్ తీసి వీడియో ఆన్ చేశాను, తన రియాక్షన్ కోసం.

రియాక్షన్ రాలేదు. తను గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత మెల్లగా వెళ్ళి, ఒక హంసను కింద చేతులు పెట్టి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, కుర్చీలో పెట్టింది. రెండోదాన్నీ అలాగే. మడత చెదరకుండా. తర్వాత రేకులన్నీ కొంగులో ఏరుకుని బయట మొక్క మొదట్లో పోసింది. "కేకు తిందామా?" అంటే "తల నొస్తున్నది" అని పడుకుంది. రాత్రి మెలకువ వచ్చి చూస్తే లేచి కూర్చుని కుర్చీలోని హంసల వైపు చూస్తోంది. నాకు అర్థమైంది ఒక్కటే, నేను తనకు నచ్చలేదు. ఇంత ఖర్చుపెట్టి తెలుసుకోవాల్సిన సంగతా ఇది అని నిద్ర పట్టలేదు. బయట సముద్రం ఒకటే హోరు.

తెల్లారి లేచేసరికి గది అద్దంలా ఉంది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది, నాలుగు మూలలూ పరుపు కిందికి దోపి. కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి. తను బాత్రూంలో నేల తుడుస్తోంది.

"ఇదేంది? తుడిచేటోళ్ళు వస్తరు కదా."

"వస్తరు. వాళ్ళకు ఒక రూమ్ తక్కువైతది."

అంతలోనే హౌస్‌కీపింగ్ అబ్బాయి వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. ఛోటానాగ్‌పూర్ కూలీలను వందేళ్ళ కింద ఇక్కడి అడవుల్లో పనికి తెచ్చారు. ఆ కుటుంబాల వాళ్ళను ఇప్పటికీ రాంచీవాళ్ళనే అంటారు, ఈ అబ్బాయి కూడా వాళ్ళలోవాడే. గది చూసి కంగారుపడ్డాడు, మేం ఏమైనా కంప్లైంట్ చేస్తామేమోనని. తను వాడితో హిందీలో మాట్లాడటం మొదలుపెట్టింది. రోజుకు ఎన్ని రూములు? పన్నెండు. చెకౌట్లు ఎక్కువున్న రోజు? పదహారు. మోకాళ్ళు నొప్పి లేవా? వాడు నవ్వాడు. నాతో పదమూడు రోజుల్లో అడగనన్ని ప్రశ్నలు వాడిని పది నిమిషాల్లో అడిగింది.

వాడు వెళ్ళాక నేను నోరు జారాను. "రోజుకు గిన్ని పైసలు పెట్టి రూమ్ తీసుకున్నది నువ్వు బాత్రూం కడుగుడానికా? జనం చూస్తే ఏమనుకుంటరు?" అన్నాను. తను ఏం అనలేదు. ఆ రోజంతా "ఇగో" కూడా లేదు.

సాయంత్రం రాధానగర్ బీచ్‌కు పోయాం. 2004లో టైమ్ మ్యాగజైన్ ఆసియాలోనే మంచి బీచ్ అని రాసింది దీని గురించే. వెనక పెద్ద పెద్ద చెట్ల అడవి, ముందు పిండిలాంటి ఇసుక. మీరు పోతే నాలుగు గంటలకే చేరుకోండి. ఎందుకంటే ఇక్కడ ఫిబ్రవరిలో ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే దాదాపు గంట ముందున్నాడు. కామారెడ్డి 78 డిగ్రీల రేఖాంశం మీద, హావ్‌లాక్ 93 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాలు, లెక్క చూసుకోండి. ఇంకో మాట, గవ్వలు, పగడపు ముక్కలు ఏరి బ్యాగులో వేసుకోకండి. చట్టం ఒప్పుకోదు, ఎయిర్‌పోర్టులో బ్యాగులు వెతుకుతారు.

తను నీళ్ళ దగ్గర కూర్చుంది. నేను రెండు గజాల దూరంలో. చాలాసేపటికి తనే మొదలుపెట్టింది.

"సంబంధం కలిపినాయన మా బాపు గురించి ఏం జెప్పిండు?"

"బహ్రెయిన్‌ల పెద్ద హోటల్‌ల సూపర్‌వైజర్ అని."

"సూపర్‌వైజర్ గాదు. రూమ్ బాయ్. యాభై రెండేండ్లు బాపుకు. గా వయసులో గూడ బాయే."

ఆ తర్వాత తను చెప్పింది చెప్పినట్టు రాయడం నా వల్ల కాదు. కొంత మాత్రం రాస్తాను.

మామకు పెళ్ళయిన నలభై రోజులకే వీసా వచ్చింది. ఆ నలభై రోజుల్లో ఇద్దరూ బయటికి పోయింది ఒక్కసారి. బస్సులో పోచారం డ్యామ్‌కు. వందేళ్ళ నాటి డ్యామ్, ఎల్లారెడ్డి నుంచి మెదక్ పోయే దారిలో ఉంటుంది. మత్తడి దుంకుతుంటే చూసి, బటాణీలు తిని, చీకటి పడకముందే ఇల్లు చేరారు. అదీ వాళ్ళ హనీమూన్. తర్వాత ఆయన అటు, అత్తమ్మ ఇటు. మా దిక్కు ఆడవాళ్ళందరిలాగే అత్తమ్మ బీడీలు చేసింది. ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, రోజుకు వెయ్యి బీడీలు. ఆయన పంపిన పైసలు మొదట వీసా అప్పుకు పోయాయి, తర్వాత ఇంటికి, తర్వాత తన చదువుకు.

రెండేళ్ళకోసారి, రెండు నెలలు వచ్చేవాడు. తిరిగి పోయేటప్పుడు ఎల్లారెడ్డి నుంచి అందరూ బస్సులో కామారెడ్డి స్టేషన్‌కు వచ్చేవాళ్ళు. బొంబాయి పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి. కామారెడ్డి స్టేషన్ అంటే నాకు ఇంజినీరింగ్ రోజుల్లో హైదరాబాద్ ప్యాసింజర్, సమోసా. తనకు అది ఏడ్చిన జాగా. "మీ ఊరికి కోడలుగ వస్తున్న అంటే ముందుగాల గా స్టేషనే యాదికొచ్చింది" అంది.

ఆయన సెలవు మీద వచ్చినప్పుడల్లా ఇంట్లో టవళ్ళతో హంసలు చేసేవాడట. హంస, ఏనుగు, కోతి. తనకు ఐదారేళ్ళు. గల్ఫ్ పోయిన నాన్నలందరికీ అక్కడ ఈ మంత్రం నేర్పుతారని అనుకునేదట. ఎక్కడ నేర్చుకున్నవ్ అంటే నవ్వేవాడు, చెప్పేవాడు కాదు. హోటల్‌లో పని అంటే ఆఫీసులో కూర్చునే పని అనుకున్నారు ఇంట్లో. ఆయనా అట్లాగే అననిచ్చాడు.

తను డిగ్రీలో ఉండగా ఒకరోజు వీడియో కాల్ చేశాడు. "బిడ్డా, సముద్రం జూడు" అని కెమెరా కిటికీ వైపు తిప్పాడు. తిప్పేటప్పుడు గోడకున్న పెద్ద అద్దం ఒక్క క్షణం పడింది. అద్దంలో యూనిఫాం వేసుకున్న బాపు, పక్కన మాప్ కర్రలు, మాసిన బెడ్‌షీట్ల ట్రాలీ. ఆయనా చూసుకున్నాడు. కాల్ కట్ అయింది. అరగంట తర్వాత మళ్ళీ చేసి "నెట్ పోయింది బిడ్డా" అన్నాడు. "అవును బాపు, నెట్ పోయింది" అంది తను. ఆ మాట మీద ఏడేళ్ళు గడిచాయి. తనకు తెలుసని ఆయనకు తెలుసో లేదో తెలియదు. అత్తమ్మకు అసలే తెలియదు.

"బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలని అర్థమట. ఇరవై నాలుగేండ్ల సంది రెండు సముద్రాల నడుమ ఉన్నడు. ఒక్కసారి కాలు వెట్టలే. గెస్టుల బీచ్‌ల స్టాఫ్ దిగొద్దు. సెలవు రోజు పండుకునుడే సరిపోతది. శుక్కురం శనారం సౌదీ నుంచి బ్రిడ్జి మీదికెల్లి జనం దిగుతరు, ఒక్క రూమ్ ఖాళీ ఉండది."

ఆ బ్రిడ్జి సంగతి నాకు తెలుసు. కింగ్ ఫహద్ కాజ్‌వే, 25 కిలోమీటర్లు, 1986లో తెరిచారు. ఎప్పుడో యూట్యూబ్‌లో ఇంజినీరింగ్ అద్భుతం అని చూశాను. దాని మీద వచ్చేవాళ్ళ మంచాలు మా మామ సర్దుతాడని యూట్యూబ్ చెప్పలేదు.

పొద్దున నేను అన్న మాట గొంతులో ముల్లులా ఉంది. సారీ చెప్పాను. తను తల ఊపింది. ఇక ఆ చీకట్లో, ఎందుకో మరి, నా సంగతీ చెప్పేశాను. ప్యాకేజీ ఖర్చు నేను చెప్పినదానికి రెట్టింపు అని, మిగతాది ఆరు నెలల ఈఎంఐ అని, మొదటి కంతు వచ్చే నెల ఐదో తారీఖున కట్ అవుతుందని.

తను నా వైపు తిరిగింది. ముఖం సరిగా కనపడలేదు.

"నువ్వు గూడనా?" అంది.

పదమూడు రోజులు నేను ఎదురుచూసిన "నువ్వు" అలా వచ్చింది. తిట్టుగానే వచ్చినా, వచ్చింది.

రిసార్ట్‌కు తిరిగొచ్చేసరికి క్యాండిల్ లైట్ డిన్నర్ సిద్ధం చేసి పెట్టారు. దాని గురించి చెప్పేది పెద్దగా లేదు. సముద్రపు గాలికి క్యాండిల్ ఐదుసార్లు ఆరింది, ఆరోసారి వెయిటర్ ఫోన్ టార్చ్ పెట్టి పోయాడు. ఫోన్ టార్చ్ వెలుగులో ఈఎంఐ లెక్కలు వేసుకున్నాం. తను నెలకు ఎంత మిగలాలో రాసింది. హనీమూన్‌లో ఇంత ఉపయోగపడిన డిన్నర్ ఇంకోటి ఉంటుందనుకోను.

మర్నాడు పొద్దున సముద్రం బాగా వెనక్కు పోయింది. హావ్‌లాక్ తూర్పు ఒడ్డున ఇదొక వింత. రాత్రి కాటేజీ ముందు దాకా వచ్చిన నీళ్ళు పొద్దునకు ఎక్కడో దూరంగా గీతలా కనపడతాయి, పడవలు ఇసుకలో ఒరిగి ఉంటాయి. ఆరు గంటలు ఆగితే మళ్ళీ వస్తాయి. నిజాంసాగర్, పోచారం చూసి పెరిగినవాళ్ళం, నీళ్ళు పోతే మళ్ళీ వానాకాలమే అని మన లెక్క. తను ఆ తడి ఇసుక మీద అరగంట నడిచి వచ్చింది.

హౌస్‌కీపింగ్ అబ్బాయి వచ్చాడు. తను వాడిని రెండు టవళ్ళు అడిగి తీసుకుంది. మంచం మీద ఒకటి పరిచి, పై రెండు మూలలూ మధ్యకు మడిచి మొన చేసి, రెండు పక్కల నుంచీ మధ్యకు గట్టిగా చుట్టింది. చుట్టినదాన్ని వంచి మెడ నిలబెట్టింది. అది నిలబడలేదు. వాడు చెయ్యి పెట్టబోతే వద్దంది. మూడుసార్లు చేసింది. చివరికి కొంచెం ఒక పక్కకు వాలి, ఎవరినో వెతుకుతున్నట్టు నిలబడింది ఒక హంస.

సాయంత్రం ఎల్లారెడ్డికి వీడియో కాల్ చేసింది. ద్వీపంలో వీడియో కాల్ ఇంత బాగా ఎట్లా వస్తోందంటే, 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ వల్ల. సుమారు 2,300 కిలోమీటర్లు. హావ్‌లాక్‌కు కూడా లైన్ ఉంది. అంతకుముందు శాటిలైట్ మీద ఇక్కడ మెసేజ్ పోవడమే గగనమట. ఆ రోజు నేను ఆ కేబుల్ వేసినవాళ్ళను తల్చుకున్నాను, ఎందుకంటే ఈసారి "నెట్ పోయింది" అనే వీలు లేదు.

మామ పెళ్ళికని నలభై ఐదు రోజుల సెలవు మీద వచ్చాడు. అప్పటికి ఇరవై రోజులు మిగిలున్నాయి. వాకిట్లో కూర్చుని ఉన్నాడు. వెనక ఇంకా ఎండ.

"గప్పుడే చీకటయిందా అక్కడ?"

"అయింది బాపు. ఈడ పొద్దు జల్ది వోతది."

"అల్లుడు మంచిగున్నడా? రూము మంచిగుందా? బెడ్‌షీట్లు రోజు మారుస్తున్నరా?"

"మారుస్తున్నరు."

తను ఒక్క క్షణం ఆగింది. నా వైపు చూసింది. నేనేం చెప్పగలను, ఊ అన్నట్టు తలూపాను. కెమెరా తిప్పి మంచం మీది హంసను చూపించింది.

"ఇది నేను జేసిన బాపు."

అవతల ఏ శబ్దమూ లేదు. స్క్రీన్ ఆగిపోయిందేమో అనుకున్నాను. లేదు, వెనక కోడి నడుస్తోంది. మామ ఫోన్ దగ్గరగా తెచ్చుకుని చూస్తున్నాడు. ఆయన కళ్ళు, నుదురు మాత్రమే కనపడుతున్నాయి.

చాలాసేపటికి అన్నాడు: "మెడ ఒంగింది బిడ్డా. టవల్ పెద్దదైతే గట్లనే ఒంగుతది. చిన్న టవల్ మడిచి లోపట వెట్టాలె. ఇగ ఒంగది."

"నాకు నేర్పకపోతివి."

"నువ్వు సదువుకోవాలె గదా అని నేర్పలే."

ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను బయటికి వచ్చి ఇసుకలో కూర్చున్నాను. నీళ్ళు మళ్ళీ ఒడ్డు దాకా వచ్చాయి. గంట దాటాక తను వచ్చి పక్కన కూర్చుని, "బాపు అమ్మకు ఫోన్ ఇచ్చి, అంత నువ్వే జెప్పు అన్నడు" అంది. అత్తమ్మ ఏమందని అడిగాను. "నాకు ముందే తెల్సు అన్నది. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడే చేతులు జూసి తెల్సుకున్నదట. ఫినాయిల్‌కు తోలు లేసిపొయిందట."

ఇది రాస్తానని మామను అడిగాను. "రాయి, మా హోటల్ పేరు మాత్రం రాయకు, ఇంక మూడేండ్లు జెయ్యాలె" అన్నాడు. మా అమ్మకు నేనింకా చెప్పలేదు. మా కాలనీ మొత్తానికి వియ్యంకుడు సూపర్‌వైజర్ అని చెప్పుకుంది పాపం. ఇది చదివితే తెలుస్తుంది. తెలియనీ.

అండమాన్ నుంచి వచ్చిన మూడో రోజు ఎల్లారెడ్డి పోయాం. కొత్త అల్లుడి మర్యాదలు. మటన్, బగారన్నం, నల్లా చుట్టేసినట్టు చుట్టాలు. ఎండన బస్సు దిగి వచ్చాను, ముందు స్నానం చేసొస్తానని గదిలోకి వెళ్ళాను. మంచం మీద పెళ్ళికి వచ్చిన కొత్త టవళ్ళతో రెండు హంసలు. మెడలు నిటారుగా, ముక్కూ ముక్కూ కలిసి. రేకులు దొరకలేదేమో, చుట్టూ బంతిపూలు.

టవల్ కోసం ఒకదాని మీద చెయ్యి వేశాను. "ఏయ్, ముట్టకు!" అని తను వంటింట్లోంచి అరిచింది. ఇంట్లో ఇంకో కొత్త టవల్ లేదట. ఏం చేయాలో తెలియక బకెట్ పట్టుకుని నిలబడ్డాను. మామ నవ్వుకుంటూ పెరట్లోకి పోయి, దండెం మీద ఆరేసిన తన పాత తువ్వాల తెచ్చి నా భుజం మీద వేశాడు.